శెనక్కాయకు లారీలు, వంకాయకు చిటికెడు కూడా లేదు

మే నెల దాటితే అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల్లో ప్రభుత్వానికి ఒకటే జపం: శెనక్కాయ విత్తనం. ఎన్ని క్వింటాళ్లు, ఎంత సబ్సిడీ, ఏ గోదాము. ఎండలో వరుసలు కట్టి సొమ్మసిల్లిన రైతుల ఫొటోలు ఏళ్ల తరబడి పేపర్లలో చూశాం. 2020లో రైతు భరోసా కేంద్రాలొచ్చాక ఆ మూటలు ఊళ్లోకే దిగుతున్నాయి. మంచిదే. అదే ఊళ్లో పెరట్లో నాలుగు వంగ మొక్కలు, రెండు సొర పాదులు పెట్టుకునే ఆడమనిషి విత్తనం ఎక్కడ తెచ్చుకుంటోందో అడిగిన నాథుడు లేడు.

ఖర్చెక్కువని అడగలేదా? లెక్క చూడండి. శెనక్కాయైతే ఎకరాకు పప్పే అరవై కిలోల దాకా కావాలి. వంగ గింజలు వెయ్యి తూచితే నాలుగైదు గ్రాములు. పండిన ఒక్క కాయలో వందల గింజలు. ఒక పంచాయతీలోని పెరళ్లన్నిటికీ సరిపడా వంగ, టమోటా, మిరప విత్తనం ఒక చేతిసంచిలో పడుతుంది. లారీ అక్కర్లేదు, టెండరు అక్కర్లేదు. టెండరు లేని పని మీద ఆఫీసుల్లో ఎవరికీ మనసు పోదని నా అనుమానం. కాదు, నమ్మకం.

మా సీమ చేను ఒకప్పుడు ఒంటి పంట చేను కాదు. కొర్ర, సజ్జ, జొన్న. నడుమ సాళ్లలో కంది, అలసంద, అనుములు. గట్టున ఆముదం, గోగు. పెరటికి కావలసిన గింజలో సగం చేలోంచే ఇంటికొచ్చేది. తిండివనంలో పుట్టి 1940లో విడుదలైన టీఎంవీ-2 శెనక్కాయ ఈ ఎర్రనేలను దశాబ్దాల పాటు ఏలింది. ఆ తర్వాత కదిరి పరిశోధన కేంద్రం వారి కె-6 వచ్చింది. శెనక్కాయను నేను తిట్టను. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వానతో బతికే నేలలో అది ఎందరి పిల్లల్నో చదివించింది. నా కోపమంతా దాన్ని తప్ప మరో గింజను చూడలేని విధానం మీద. సాళ్లు పోయాయి. వాటి వెంటే సొరబుర్రలో దాచిన గింజ, బూడిదలో కలిపిన గింజ, పేడలో అద్ది గోడకు కొట్టిన గుమ్మడి గింజ పోయాయి. దాచింది అవ్వలు కాబట్టి ఆ నష్టం ఏ రిజిస్టరుకూ ఎక్కలేదు.

ఇప్పుడు మిగిలింది అంగడి. అక్కడ రంగుల ప్యాకెట్‌లో హైబ్రిడ్ తప్ప మరోటి అడిగితే వింతగా చూస్తారు. హైబ్రిడ్ కాయలో గింజ మొలవదని ఒక అబద్ధం తిరుగుతోంది. మొలుస్తుంది. కానీ ఒక్కో మొక్క ఒక్కో తీరుగా వస్తుంది, తల్లి గుణం నిలవదు. కక్కలపల్లి మార్కెట్‌కు లోడు పంపే టమోటా రైతు హైబ్రిడ్ కొంటే అర్థముంది; డ్రిప్పు పెడతాడు, ఒకే సైజు కాయ కావాలి. గిన్నెలు కడిగిన నీళ్లు పాదుకు పోసే మనిషికి ఏటేటా అదే అంటగట్టడం దోపిడీ.

ఆ ప్యాకెట్టయినా తిప్పి చూస్తున్నామా? రకం పేరు, లాట్ నంబరు, మొలక శాతం, పరీక్ష తేదీ ఉండాలి. కనీస మొలక బెండకు 65 శాతం, టమోటాకూ వంగకూ 70, మిరపకు 60. గడువు పరీక్ష తేదీ నుంచి తొమ్మిది నెలలు. కానీ రేకుల కప్పు కింద ఏప్రిలంతా ఉడికిన గింజకు ఆ తేదీ ఏం భరోసా ఇస్తుంది?

ఇక ‘నాటు’, ‘దేశవాళీ’ అని అందమైన కవర్లలో ఫోన్‌లో అమ్మేవాళ్లు. ఏ ఊళ్లో పండింది, ఏ ఏడుది, రకానికీ రకానికీ మధ్య ఎంత దూరం పాటించారు? జవాబుండదు. పది రకాల సొర పక్కపక్కన పెంచితే తేనెటీగలు పుప్పొడి కలిపేస్తాయి. ఆ గింజకు పది పేర్లు పెట్టి అమ్మడానికి దేశభక్తి ఒక ముసుగు. అంగడివాడి ప్యాకెట్ మీద కనీసం తేదీ అయినా ఉంటుంది.

నాటే కావాలన్న పట్టుదల నాకు లేదు. గింజ దాచుకుంటే మళ్లీ అదే రకం రావాలి, అంతే. బెంగళూరు పక్కనే హెసరఘట్టలో భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ ఉంది. వారి అర్క మేఘాలి టమోటా వర్షాధారానికని తీసిన రకం. అర్క అనామిక బెండ కూడా గింజ దాచుకోదగ్గదే. అయితే వారి అర్క రక్షక్ హైబ్రిడ్, కొనేముందు అడగండి. మన ఉద్యాన విశ్వవిద్యాలయం ప్రధాన కేంద్రం మాత్రం వెంకట్రామన్నగూడెంలో, గోదావరి నీళ్ల పక్కన కూర్చుంది.

ఊళ్లోనే విత్తనం నిలుపుకోవడం కుదరని పని కాదు. జహీరాబాద్ పల్లెల్లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు తమ పాత పంటల విత్తనాన్ని తామే కాపాడుకుని, ఏటా జాతర చేసి ఊరూరా తిప్పారు. చట్టమూ అడ్డం లేదు: 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం రైతు విత్తనం దాచుకోవచ్చు, పంచుకోవచ్చు, బ్రాండు పేరు తగిలించకుండా అమ్ముకోవచ్చు అంటోంది.

కాబట్టి ప్రభుత్వం విత్తన కిట్లు పంచడం వద్దు. ఏటా కొత్త కిట్ కోసం చెయ్యి చాపించేది విత్తన పథకం ఎలా అవుతుంది? మండలానికి రెండు పొదుపు సంఘాలకు కూలీ కట్టించి, దూరాలు పాటించి వంగ, సొర, బీర, అనుములు గింజకే పెంచమనండి. తేదీ, ఊరు, మొలక శాతం రాసిన పొట్లాలు శెనక్కాయ మూటల పక్కనే పెట్టమనండి. వంకాయ పసుపుపచ్చబడి మెత్తబడేదాకా చెట్టునే ఉంచితే గాని గింజ ముదరదు. వచ్చే జూన్‌కు పొట్లాలు కావాలంటే నారు కార్తీకంలోనే పొయ్యాలి. కలెక్టర్లిద్దరికీ అప్పటిదాకా గడువుంది.