తల్లి చీరతో కానుక సంచి



క్రిస్మసు సమీపించగానే కరీంనగర్, మంచిర్యాల, ఆదిలాబాద్ బజార్లలో మెరిసే కాగితములు, రంగురంగుల కవర్లు వ్రేలాడును. కానుక విప్పిన మరుక్షణమే అవి పెంటకుప్ప చేరును. పలుచని కవరులో మిగిలిన అన్నము కట్టి పారవేసినయెడల పశువులు కవరుతో సహా మ్రింగును. అది కడుపులో అరుగదు. 120 మైక్రానుల కంటె పలుచనైన ప్లాస్టిక్ సంచులను కేంద్ర ప్రభుత్వము 2022 డిసెంబరు 31 నుండి నిషేధించినది. అయినను చట్టము చేయలేని పనిని మన ఇంటి సూది చేయగలదు.

మన పెద్దలు బట్టను పారవేయువారు కారు. పాత చీరలను పొరలుగా పరచి బొంతలు కుట్టిరి. ఇప్పుడు ఆ చీరలే పెట్టె అడుగున పడియున్నవి, లేదా స్టీలు గిన్నెలవానికి పోవుచున్నవి.

యిర్మీయా గ్రంథము 38వ అధ్యాయము చదవండి. ప్రవక్త బురద గోతిలో దిగబడియుండగా, ఎబెద్మెలెకు అను కూషీయుడు ఖజానా క్రింది గదినుండి పాత బట్టలు తెచ్చి, త్రాళ్లు ఒరసికొనకుండ చంకల క్రింద పెట్టుకొనుమని దింపెను. ప్రాణము కాపాడుటకు త్రాడు చాలును. నొప్పి కలుగకూడదని తలంచినది ప్రేమ. ఆ ప్రేమకు పాత గుడ్డయే పనికి వచ్చెను.

సంచి కుట్టుట సులభము. నూలు చీరను ఉతికి ఎండబెట్టండి. నలిగి పలుచబడిన భాగము విడిచి, గట్టి భాగములో 30 అంగుళముల పొడవు, 12 అంగుళముల వెడల్పు గల ముక్క కత్తిరించండి. రెండు కొనలను 2 అంగుళములు మడిచి కుట్టిన నాడాకు దారి ఏర్పడును. తరువాత ముక్కను తిరగవేసి సగమునకు మడిచి, నాడా దారి విడిచి ఇరుప్రక్కల కుట్టండి. మరల త్రిప్పి, చీర అంచుతో చేసిన నాడా దూర్చండి. మిషను లేకున్నను చేతికుట్టు చాలును. సగము చినిగిన చీరలోనైనను ఇట్టివి పది వచ్చును.

ఒక మాట చెప్పవలసియున్నది. చనిపోయినవారి బట్టలు ఇంట ఉండరాదని మన పల్లెలలో కొందరు భయపడుదురు. విశ్వాసులలో సైతము ఆ భయము మేము చూచుచున్నాము. యొప్పేలో తబితా చనిపోయినప్పుడు విధవరాండ్రు ఏమి చేసిరి? ఆమె కుట్టిన వస్త్రములను పేతురుకు చూపుచు ఏడ్చిరి (అపొ. కార్య. 9:39). అవి వారికి కీడు కాదు, ఆమె ప్రేమకు సాక్ష్యము. పునరుత్థానమును నమ్మిన మనకు తల్లి చీరయందు భయమెందుకు? ఆ చీరతో నాలుగు సంచులు కుట్టి, అక్కచెల్లెండ్రు అన్నదమ్ములు తలా ఒకటి ఉంచుకొనినయెడల, ప్రతి పండుగకు ఆమె చేతి ప్రేమ ఇంటింటికి తిరుగును.

అయితే జాగ్రత్త. సంచి పాతదైనను లోపలి కానుక పాతది కాకూడదు. మనము కట్టనొల్లని చినిగిన బట్టను బీదవారికిచ్చి దానిని ధర్మమనుట ప్రభువుకు ఇష్టము కాదు. సంచిలో క్రొత్త రవికె గుడ్డయో, శేరు బియ్యమో, పిల్లవానికి పలకయో పెట్టండి. సంచిని తిరిగి అడుగవద్దు. వారు మరియొకరికి నింపి ఇయ్యనీయండి.

ఈ ఆగమన కాలములో ప్రతి సంఘపు స్త్రీల సమాజము ఒక సాయంకాలము సూది దారముతో కూడుకొనును గాక. మీ చేతిపనిని ప్రభువు దీవించును గాక. ఆమేన్.