వ్రాతలో వెనుకబాటు

హోసూరు సీమలోని మన పిల్లలు తెలుగు, తమిళము, ఆంగ్లము అను మూడు లిపులు నేర్వవలసియున్నది. వీరిలో పాఠమునకు అర్థము నోట చక్కగ చెప్పగలిగియు, కలము పట్టగనే ఒత్తులు విడిచి, గుణింతములు తారుమారు చేయువారు కొందరు గలరు. ఏండ్లు గడచినను ఇది మారనిచో దానిని సోమరితనమనరాదు. అది వ్రాతకు సంబంధించిన అభ్యసన వైకల్యము కావచ్చును, బుద్ధిలోపము కాదు.

తెలుగు మాధ్యమమే కారణమని తలంచి కొందరు తల్లిదండ్రులు బిడ్డను వేరు బడికి మార్చుచున్నారు. లిపి మారినంతనే ఈ చిక్కు తీరదు. ఇంటి భాష యొక్క ఆసరా మాత్రము పోవును.

ఇట్టి వైకల్యమును శీఘ్రముగ గుర్తింపవలెననియు, పరీక్షలలో అదనపు సమయము, బదులు వ్రాయువారి సాయము, రెండవ మూడవ భాషలనుండి మినహాయింపు వంటి సవరణలు చేయవలెననియు 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము చెప్పుచున్నది. తల్లిదండ్రులారా, వీనిని అడుగుటకు సంకోచింపకుడు. అయితే మినహాయింపు కోరునపుడు తెలుగును వదలుకొనవలదని మా మనవి.

ఇంట ఒకే పుటను పదిమార్లు వ్రాయింపకుడు. ముందు నోట చెప్పించి, పిదప రెండు వాక్యములు వ్రాయింపుడు. ఒకనాడు ఒక ఒత్తును మాత్రమే దిద్దుడు. తక్కిన తప్పులు రేపటికి ఉండనిండు.