గృహిణీ గోష్ఠి: అత్తగారి పాటలు, సెల్‌ఫోను, లినక్సు



క్రిందటి మాసమున మా సెల్‌ఫోను "చోటు లేదు" అని మొరపెట్టసాగినది. ఏడుపాయల జాతర ఛాయాచిత్రములు, పిల్లల పాఠములు, పెండ్లి పిలుపులు, తెల్లవాఱినది మొదలు బంధువులు పంపు పూలబొమ్మలు, అన్నియు అందే. రెండేండ్ల క్రిందట స్వర్గస్థురాలైన మా అత్తగారు పాడిన 31 బతుకమ్మ పాటలును అందే యుండెను. వానిని వ్రాసికొన్న పుస్తకము లేదు. ఆమె గొంతు మఱియొకచోట లేదు.

బజారులో నొక దుకాణమున చూపగా, అచటి కుఱ్ఱవాడు "అంతయు తుడిచివేయవలెనమ్మా. కావలసినవి నేనే తీసియిచ్చెదను. ఫోనును, దాని తాళపు అంకెలను ఇచ్చి రేపు రండు" అనెను. ఇంటి ఆడుబిడ్డల చిత్రములున్న ఫోనును రాత్రియంతయు పరులచేత నుంచుటకు మాకు మనసొప్పలేదు. తిరిగి వచ్చితిమి.

మా యింట నొక పాత ల్యాప్‌టాపు కలదు. విండోస్ 10కు సాధారణ పోషణ 2025 అక్టోబరు 14న ముగిసినది. క్రొత్త విండోసునకు ఆ యంత్రము చాలదని తేలగా, మావారు దానిలో లినక్సు నెక్కించిరి. ఇది 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఆరంభించినది. వెల యీయనక్కఱలేదు. మన దేశమున సీ-డాక్ వారు 2007లో బాస్ అను పేర లినక్సును వెలువరించిరి. హైదరాబాదులోని స్వేచ్ఛ వారు దానిని తెలుగున నందించుటకు పాటుపడిరి. ఆండ్రాయిడు ఫోనులోని మూలమును లినక్సే. జ్ఞాతులైనను, కలిపినంతనే రెండును పలుకరించుకొనవు సుమా!

తీగతో కలుపగా ఫోను విద్యుత్తు నెక్కించుకొని యూరకుండెను. తాళము తీసి, పైనుండి తెర నీడ్చి, యూఎస్‌బీ అనుచోట "ఫైల్ ట్రాన్స్‌ఫర్" అనుదానిని తాకిన పిమ్మటనే కంప్యూటరులో ఫోను పేరు కనబడినది. అప్పటికిని కనబడనిచో తీగను మార్చి చూడవలెను. కొన్ని తీగలు విద్యుత్తును మాత్రమే మోయును. పూర్వపు ఫోనులు తమ కొట్టుగది తాళపుచెవిని కంప్యూటరు చేతికే యిచ్చెడివి. 2011లో ఆండ్రాయిడు 3.0 వచ్చినది మొదలు, ఫోను తానే గుమ్మమున కూర్చుండి అడిగిన వస్తువును ఒక్కొక్కటిగా అందించుచున్నది. దీనికే ఎంటీపీ అని పేరు. ఆలస్యమగుట అందువలననే, తొందరపడి తీగ లాగరాదు.

చిత్రములు "డీసీఐఎం" అను అరలో నుండును. ఆండ్రాయిడు 11 నుండి వాట్సాపు సరకు "ఆండ్రాయిడ్", దానిలో "మీడియా" అను అరలలోనికి చేరినది. పాటలు మా ఫోనులో "రికార్డింగ్స్" అనుచోట దొరకెను. వానిని "కట్" చేయక "కాపీ" చేసితిమి. ఆ బుద్ధి పుట్టుట మా అదృష్టము. చివరి పాట వచ్చుచుండగా మా చిన్నవాని మోచేయి తగిలి తీగ కదలినది. తెరపై వచ్చిన హెచ్చరికను వాడు చదువకయే మూసివేసెను.

లెక్కింపగా ఇటు 31, అటు 31. సరిపోయినదని ఫోనులోనివి తుడుపబోయి, ఎందుకో ఒక్కొక్కటియే తెఱచి వింటిమి. కడపటిది పలుకనే లేదు! దాని పరిమాణము చూడగా ఫోనులోని దానిలో సగమైనను లేదు. మరల కలిపి ఆ యొక్కదానిని తెచ్చుకొని, కంప్యూటరులో ఫోను పేరు ప్రక్కనున్న విడుదల గుఱుతును నొక్కిన పిదపనే తీగ తీసితిమి. అది మా అత్తగారు దగ్గుచు, నవ్వుచు, నడుమ చరణము మఱచి మరల నందుకొన్న పాట.

తీగ లేనివారికి కేడీఈ కనెక్ట్ అను సాధనము కలదు. ఫోనును కంప్యూటరును ఒకే వైఫైలో నుంచి, జత కూర్చుటకు రెండింటను సమ్మతి తెలిపిన చాలును. ఒకటి రెండు చిత్రములకు సుఖమే కాని, పెద్ద మూటకు మాకు తీగయే నచ్చినది.

పాటలకు తెలుగుననే పేర్లు పెట్టితిమి. లినక్సు వానిని చక్కగా చూపుచున్నది. ఒక ప్రతిని పెన్‌డ్రైవులో నుంచి సిద్దిపేటలోని మా ఆడుబిడ్డకు పంపితిమి. ఫోనులో పూలబొమ్మలను, జాతర చిత్రములను తుడిచితిమి. పాటలను మాత్ర మింకను తుడుపలేదు.