కాలిబంతి వాదములు

శనివారము సాయంకాలము అల్లూరు బజారున గాని, కావలి స్టేషను నొద్ద గాని, నెల్లూరు విద్యార్థుల వసతిగృహములలో గాని నలుగురు యువకులు చేరినచోట నేడు తఱచుగా వినవచ్చు వాద మొకటి గలదు. ఈ యేడు ఇంగ్లండు దేశపు కాలిబంతి పీఠము లివర్‌పూలుకా, ఆర్సెనలుకా, మాంచెస్టరు సిటీకా? మాంచెస్టరు యునైటెడునకు మేనేజరు చాలునా, చాలడా? వాదించువారు ఆ పట్టణములను చూచినవారు కారు. అయినను వారి పట్టుదల సామాన్యమైనది కాదు. అన్నదమ్ము లిరువురు రెండు జట్లకు చెంది, భోజనమువేళ మాటలు మానుకొనుటయు గలదు. పెద్దలు విసుగుకొని, "సముద్రముల కావల నెవడో బంతిని తన్నిన మన కేమి?" అని యడుగుచున్నారు. ఆ విసుగుతో మేము ఏకీభవింపము. కాని యా ప్రశ్న మాత్రము త్రోసివేయదగినది కాదు.

మొదట వాదించువారి పక్షమున చెప్పవలసినది చెప్పెదము. ఈ యాట వట్టి కాలక్షేపము కాదు. దాని వెనుక నొక లెక్క గలదు. ఇంగ్లండు ప్రథమశ్రేణిలో జట్లు 20. ప్రతి జట్టును తక్కిన పందొమ్మిదింటితోను సొంతయూర నొకమారు, పొరుగూర నొకమారు ఆడవలెను. అనగా ఏడాదికి 38 ఆటలు. గెలుపునకు మూడు పాయింట్లు, సమముగా ముగిసిన నొకటి, ఓటమికి సున్న. కడపటి మూడు జట్లు క్రింది శ్రేణికి దిగిపోవును. ఒక్క నాటి యదృష్టముతో పీఠము దొరకదు. తొమ్మిది నెలల నిలకడ కావలెను. ఎవనికి గాయమైనది, ఎవరికి ఎన్ని ఆటలు మిగిలినవి, కడపటి జట్లతో నెవరు ఆడవలసియున్నది యని యోచించు యువకుడు తెలియకుండగనే హేతువాదమును నేర్చుకొనుచున్నాడు. ఎదుటివాని మాట విని, జవాబు వెదకి, తప్పిన పందెమును నవ్వుతో నొప్పుకొనుట పౌరునకు వలసిన శిక్షణయే.

వినయమును నేర్పుటలోను ఈ యాటకు సాటి లేదు. 2015-16లో లెస్టరు సిటీ పీఠ మెక్కునని చెప్పినవానిని ఎల్లరు పరిహసించియుందురు. పందెములవారు అయిదు వేలకు ఒకటి చొప్పున కట్టిరి. లెస్టరే గెలిచెను. 2020-21 మొదలు 2023-24 వఱకు వరుసగా నాలుగేండ్లు మాంచెస్టరు సిటీ గెలువగా, ఇక నెవ్వరికిని తావు లేదని చెప్పిన పండితులు 2024-25లో లివర్‌పూలు గెలువగానే మౌనము వహించిరి. ఆర్సెనలు 2003-04లో ఒక్క ఆటయు నోడక పీఠమెక్కిన జట్టు. అదియే 2022-23 మొదలు వరుసగా మూడేండ్లు రెండవ స్థానముననే నిలిచిపోయెను. కాబట్టి జోస్యము చెప్పుటకు ముందు గొంతు కొంత తగ్గించుకొనుట మేలు.

కాని యీ వాదములలో మాకు రుచింపని గుణ మొకటి గలదు. అది మేనేజర్లయెడ నసహనము. రెండాట లోడిన చాలు, "వీనిని పంపివేయవలె" నని కేకలు. అలెక్స్ ఫెర్గూసన్ 1986 నవంబరులో మాంచెస్టరు యునైటెడునకు వచ్చెను. ఆయన యొద్ద ఆ జట్టు తొలి లీగు పీఠమును పొందినది 1992-93లో. అనగా ఆఱేండ్లు గడచి ఏడవ యేట! ఆ మీదట 2013లో విరమించునప్పటికి అట్టి పీఠములు 13 అయ్యెను. తొలి యాఱేండ్లలో నాయనను పంపివేసియుండిన చరిత్ర ఎట్లుండెడిదో యెవరు చెప్పగలరు? ఆయన వెడలిన పిదప 2024 వఱకు అదే జట్టునకు ఆఱుగురు పూర్తికాలపు మేనేజర్లు వచ్చిరి. ఒక్క లీగు పీఠమును రాలేదు. 2024-25లో జట్టు పదునైదవ స్థానమునకు దిగెను. మొక్క వేరు పట్టినదా యని దినదినము పెఱికి చూచు తోటమాలికి పండ్లు దొరకునా?

ఇంత దూరపు నిదర్శన మేల? ఈ మాటకు సాక్షి మన తెలుగునేలమీదనే గలడు. ఫెర్గూసన్ పేరు తెలిసిన యువకులలో సయ్యద్ అబ్దుల్ రహీము పేరు తెలిసినవా రెందఱు? 2024లో హిందీ చలనచిత్రము వచ్చినదాక ఆ పేరే వినలేదని చెప్పినవారు పలువురు. రహీము 1909లో హైదరాబాదున జన్మించెను. వృత్తికి బడిపంతులు. 1950లో హైదరాబాదు నగర పోలీసు జట్టునకు శిక్షకు డయ్యెను. ఆ జట్టు బొంబాయి రోవర్సు కప్పును 1950 మొదలు 1954 వఱకు వరుసగా అయిదేండ్లు గెలిచెను. 1950లో డ్యూరాండు కప్పునుగూడ తెచ్చెను. బంగాళపు మహాజట్ల పేర్లు వినిననే బెదరు కాలమున, పోలీసు కొలువు చేసికొను కుఱ్ఱవాండ్రు సాధించిన ఘనకార్య మిది.

రహీము భారత జట్టునకును శిక్షకుడు. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడలలో మన జట్టు ఇరానును 1-0తో గెలిచి స్వర్ణపతకమును పొందెను. మఱుసటి యేట హెల్సింకి ఒలింపిక్సులో యుగోస్లావియా చేతిలో 1-10తో నోడెను. మనవారిలో పలువురు బూట్లు లేక వట్టికాళ్ళతో ఆడిరి. నేటి చర్చాగోష్ఠులు నాడుండిన యెడల ఆ శిక్షకునికి మఱునాటి యుదయమును దక్కనిచ్చియుండెడివా? నాడు దేశ మాయనను విడువలేదు. ఆయనయు పాఠమును విడువలేదు. బూట్లు వచ్చెను. బంతిని తనయొద్ద దాచుకొనక తోడివానికి చేర్చు పద్ధతి వచ్చెను. బంతిని వెంట నడిపించుకొని పోరాదను నియమముతోను, బలహీనమైన కాలితోనే ఆడవలెనను నియమముతోను ఆయన కుఱ్ఱవాండ్రకు పోటీలు పెట్టెను. నాలుగేండ్ల పిదప 1956లో మెల్బోర్ను ఒలింపిక్సున భారత జట్టు ఆస్ట్రేలియాను వారి గడ్డమీదనే 4-2తో గెలిచి నాలుగవ స్థానమును పొందెను. ఒలింపిక్సు కాలిబంతిలో మన దేశ మంతకు మీఱి యెన్నడు నెక్కలేదు.

1962 జకార్తా కథ ఇంకను చెప్పదగినది. మొదటి యాటలోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో నోటమి. వెనుక కాపు కాయు జర్నెయిల్ సింగు తలకు గాయ మయ్యెను. రాజకీయ కలహము వలన ఆతిథ్యదేశపు ప్రేక్షకులు మన జట్టును ద్వేషించుచుండిరి. శిక్షకుని శరీరమున రాచపుండు. అట్టి స్థితిలో రహీము జర్నెయిలును ముందు వరుసకు మార్చెను. తుది పోటీలో అదే కొరియాను 2-1తో గెలుచునప్పుడు ఒక గోలు పి.కె. బెనర్జీది, రెండవది ఆ జర్నెయిలుది. గోలు కాచినవాడు హైదరాబాదున బుట్టిన పీటరు తంగరాజు. జట్టులో సికింద్రాబాదు నొద్ద అమ్ముగూడ పేదయింట బుట్టిన తులసీదాసు బలరాము. మఱుసటి యేడు జూన్ 11న రహీము మరణించెను. బలరాము 2023లో కన్నుమూసెను. ఆసియా క్రీడలలో కాలిబంతి స్వర్ణము మరల మన కింతవఱకు రాలేదు.

ఈ వైభవము ఒక్కనితో నిలిచినది కాదు. సంతోషు ట్రోఫీని 1956-57, 1957-58లలో హైదరాబాదు జట్టు గెలిచెను. 1965-66లో ఆంధ్రప్రదేశ్ జట్టు గెలిచెను. అటుపిమ్మట నా కప్పు తెలుగువారి చేతికి రాలేదు. 2024 డిసెంబరులో దాని తుది పోటీ హైదరాబాదుననే జరిగెను. ఆడినవారు బంగాళమును, కేరళమును. ఇంటివారు పెండ్లిపందిరి వేసి, వధూవరులు పొరుగువారైనట్లయ్యెను.

మధ్య నొక యాశ చిగిర్చినది. 2019లో హైదరాబాదు ఎఫ్.సి. యను జట్టు ఇండియన్ సూపర్ లీగులో వెలసెను. స్పెయినునుండి వచ్చిన మనోలో మార్కెజ్ శిక్షణలో 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్సు జట్టును పెనాల్టీలలో 3-1తో గెలిచి ఆ లీగు కప్పును తెచ్చెను. గోలుకాపరి కట్టిమణి మూడు పెనాల్టీల నాపెను. తరువాత రెండేండ్లలోనే కథ తిరుగబడెను. జీతములు సరిగా అందక ఆటగాండ్రు వెడలిపోయిరి. 2023-24లో జట్టు ఒక్క ఆట మాత్రము గెలిచి కడపట నిలిచెను. 2025లో ఆ జట్టే ఢిల్లీకి తరలి స్పోర్టింగు క్లబ్ ఢిల్లీ యను పేరు దాల్చెను. ఆ లీగులో కడపటి జట్టు క్రింది శ్రేణికి దిగవలెనను నియమము నాడు లేదు. అనగా ఆటలోని యోటమి ఆ జట్టును త్రోసివేయలేదు. సొమ్ములేమి యూరునుండియే తరిమివేసెను.

మా ప్రశ్న యిది: ఆ వార్త మన చర్చాగోష్ఠులలో ఎన్ని సాయంకాలములు నిలిచినది? మాంచెస్టరు మేనేజరు కొఱకు గంటలకొలది కంఠశోష పెట్టుకొను మనము, తెలుగునగరపు జట్టు మూటముల్లె సర్దుకొని పోవుచుండగా ఎన్ని మాటలు ఖర్చు చేసితిమి? ఇంగ్లండు వారిని చూడుడు. 2021 ఏప్రిల్ 18న ఆ దేశపు ఆఱు మహాజట్ల యజమానులు తక్కిన జట్లతో తెగతెంపులు చేసికొని ధనికుల కొఱకు వేఱొక లీగును పెట్టెదమని ప్రకటించిరి. అభిమానులు వీథుల కెక్కిరి. తమ జట్టునకే లాభమని యెవ్వరును ఊరకుండలేదు. రెండు దినములు తిరుగక మునుపే ఆ యాఱు జట్లును వెనుకకు తగ్గెను. వారి వాదమునకు బలము గలదు. ఏలయన ఆ జట్టు వారి వీథిలోనిది, వారి తాతలు చూచినది. మన వాదము ఎంత చతురమైనను, మాంచెస్టరులో నొక గడ్డిపోచను గదల్పజాలదు. ఫలితముపై చేయి చెల్లని వాదము వినోదము మాత్రమే.

పరదేశపు ఆటయని దీనిని రోయవలెనని మా యభిప్రాయము కాదు. 1911 జూలై 29న కలకత్తాలో మోహన్ బగాను జట్టు, పదిమంది వట్టికాళ్ళతోనే, ఈస్టు యార్కుషైరు సైనికులను 2-1తో నోడించిన నాడు ఈ యాట మనదైనది. పరుల యాటను చూచి యానందించుట తప్పు కాదు. చూచుటతో సరిపెట్టుకొనుట తప్పు.

మఱియొక హెచ్చరిక చేయక విడువరాదు. "ఎవరు గెలుతురు?" అను ముచ్చట "ఎంత కట్టెదవు?" అను వ్యాపారముగ మాఱుటకు చేతిలోని ఫోను చాలును. ఆంధ్రప్రదేశమున 2020లోనే చట్టసవరణచే ఆన్‌లైను జూదమును నిషేధించిరి. 2025 ఆగస్టులో పార్లమెంటును సొమ్ము పెట్టి యాడు ఆన్‌లైను ఆటలను నిషేధించు చట్టమును చేసెను. చట్టము తలుపు మూయగా జూదరి కిటికీ వెదకును. పై జెప్పిన లెస్టరు కథ జూదరికి ఆశ గొల్పును. కాని అయిదు వేలకు ఒకటి యనగా తక్కిన నాలుగువేల తొమ్మిదివందల తొంబదితొమ్మిది మార్లు సొమ్ము ఎవరి యింటికి పోవునో లెక్క వేసికొనవలెను. కుమారుని చదువునకు దాచిన సొమ్ము రాత్రి ఎనిమిదిన్నర యాటకు బలియగుట అభిమానము కాదు.

ఇక చేయవలసిన దేమి? కోట్ల మాట మే మెత్తము. అల్లూరు, ఇసకపల్లి, విడవలూరు, కొడవలూరు, దగదర్తి: పది పదునైదు మైళ్ళలో నిన్ని యూళ్ళున్నవి. వరికోత లయిన పిమ్మట పొలములు ఖాళీగా నుండును. సముద్రపు టొడ్డున ఇసుక విరివిగా గలదు. ఊరి కొక జట్టు చొప్పున లీగు పెట్టి, ఇంట నొకమారు, పొరుగూర నొకమారు ఆడించుటకు వలసినది బంతియు, ఈలయు, పట్టికను వ్రాసి పఠనమందిరపు గోడపై నంటించు పంతులొకడును. బడి మైదానములో కట్టడము వేయవలెనని యెవరైనను తలపెట్టిన నాడు గ్రామస్థులు, "పిల్ల లెచ్చట నాడుదురు?" అని గట్టిగా నడుగవలెను. బాలికలను గూడ మఱువరాదు. నిజామాబాదు జిల్లా తండానుండి వచ్చిన గుగులోతు సౌమ్య భారత జట్టున నాడి, 2022లో క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్ జట్టు వఱకు పోయినది. అట్టి బిడ్డ మన తీరమున లేదని యెవరు చెప్పగలరు, మైదానమున దింపి చూడక మునుపు? హైదరాబాదున శ్రీనిధి డెక్కన్ జట్టు 2022-23, 2023-24లలో ఐ-లీగున రెండవ స్థానమును పొందినది. తెలుగునేలపై ఆట చావలేదనుటకు అది చాలు.

యువకులారా! మీ వాదములను మానుకొనుడని మేము చెప్పము. లివర్‌పూలును మెచ్చుకొనుడు, ఆర్సెనలునకు జాలిపడుడు. కాని మీ వాదములో నొక పాలు అల్లూరు పదునొకండుగురిలో ఎవరిని ముందు నిలుపవలెనను దానికి కేటాయింపుడు. ఇసకపల్లి జట్టునకు శిక్షకు డెవడు, రెండాట లోడినంతనే వానిని పంపవచ్చునా యని పోరాడుడు. ఆ పోరాటమున మీ మాట చెల్లును. ఒక బడిపంతులు పోలీసు కుఱ్ఱవాండ్రతో ఆసియాను గెలిచిన నేల యిది. రెండవ పంతులు ఏ యూరి బడిలో హాజరుపట్టీ పిలుచుచున్నాడో మన కింకను తెలియదు. మైదాన ముండిన గదా తెలియును.