“నాయన కూడా చనిపోతాడా, అవ్వా?”



ఒక ఆగస్టు 15న మా పల్లె అంగన్‌వాడీలో జెండా వందనం అయిన తరువాత, దేశం కోసం ప్రాణమిచ్చిన సైనికుల పేరిట పిల్లలచేత మౌనం పాటింపజేశారు. ఇంటికి వచ్చిన నాలుగేండ్ల మనవడు, “అవ్వా, సైనికుడు చనిపోయినాడంట గదా, నాయన కూడా చనిపోతాడా?” అని అడిగాడు. వాని తండ్రి సైన్యంలో ఉన్నాడు. “అట్లాంటి మాటలు అనగూడదు” అని వాని నోరు మూయించాను. ఆ రాత్రి వాడు నిద్రపోలేదు. నోరు మూయించితే భయం పోదని నాకప్పుడు తెలిసింది.

ఈ ప్రశ్న మా ఒక్క ఇంటిది కాదు. ఐరాల మండలం రెడ్డివారిపల్లెకు చెందిన హవల్దారు ప్రవీణ్‌కుమార్ రెడ్డి 2020 నవంబరు 8న కాశ్మీరులోని మాచిల్ సెక్టారులో పోరాడుతూ మరణించాడు. 1971 యుద్ధంలో గూర్ఖా పటాలాన్ని నడిపించి మహావీరచక్ర పొందిన మేజర్ జనరల్ సి. వేణుగోపాల్ గారిని 2021 ఫిబ్రవరిలో తిరుపతిలోని ఆయన ఇంటి వద్దనే సన్మానించారు. ఇటువంటివారిని మన పిల్లలు ఎరిగి ఉండాలి. అయితే పసిబిడ్డలకు ఎట్లా చెప్పాలి?

మొదట, నిజం చెప్పండి; కొంచెమే చెప్పండి. “నిద్రపోయాడు”, “ఊరికి పోయాడు” అనవద్దు. పసివాడు ఆ మాటనే నమ్మి పడుకోవడానికి భయపడతాడు. “ఆయన చనిపోయాడు, ఇక తిరిగి రాడు. ఇంటివాళ్లు దుఃఖపడుతున్నారు. మనం ఆయనను మరువకూడదు” అంటే చాలు. టీవీలో, ఫోనులో వచ్చే నెత్తుటి దృశ్యాలు వారి కంట పడనీయకండి.

రెండవది, చేతులకు పని ఇవ్వండి. యొర్దాను దాటినప్పుడు ఇశ్రాయేలీయులు పండ్రెండు రాళ్లు నిలిపారు. రేపు పిల్లలు చూచి అడగాలనే వాటిని నిలిపారు గదా! కాబట్టి ప్రశ్న తప్పు కాదు. ఒక వేపమొక్క నాటించండి, దాని చుట్టూ రాళ్లు పేర్పించండి. నిమిషం మౌనం వారికి ఎక్కువ. పది లెక్కపెట్టేంత చాలు.

మూడవది, జ్ఞాపకంతో పాటు పగను నేర్పవద్దు. తిరుపతి ప్రాంతంలో సువార్త పని చేసినవారిలో జర్మనీ నుండి వచ్చిన హెర్మాన్స్‌బర్గ్ మిషనువారున్నారు. 1914లో యుద్ధం రాగానే వారు ప్రభుత్వానికి శత్రుదేశస్థులైపోయారు. వారి పనిని అమెరికా లూథరన్లు చేపట్టవలసివచ్చింది. అయినా మన పెద్దలకు వారు శత్రువులు కారు, అక్షరం నేర్పిన అయ్యగార్లే. శత్రువు అనబడిన వానికి కూడా ఇంటి దగ్గర ఎదురుచూచే బిడ్డలుంటారని మన పిల్లలకు చెప్పండి.

మరునాడు మనవని ఒడిలో కూర్చోబెట్టుకున్నాను. “ఏమీ కాదు” అని మాటివ్వడానికి నాకు నోరు రాలేదు. అది నా చేతిలో లేదు. “నాయన నిన్న ఫోనులో మాట్లాడినాడు, బాగున్నాడు. ఆయన పక్కన తోడుగా చాలామంది ఉన్నారు. నీకు భయమైతే నాతో చెప్పు, ఇద్దరం ప్రార్థన చేద్దాం” అన్నాను. వాడు కాసేపు ఆలోచించి, “ఆ చనిపోయినాయన బిడ్డల కోసం కూడా చేద్దామా అవ్వా?” అన్నాడు.

ఆ రాత్రి ఇద్దరమూ అట్లే చేశాము. వాడు నిద్రపోయాడు.