వానకు పత్తి తడిస్తే గంజాయి మొక్క గొడుగు పట్టదు

పోస్టు కొంచెం పెద్దగున్నది. మొత్తం చదివి, నేను తప్పు చెప్పినట్టు అనిపిస్తే కింద రాయండి.

మొన్న హాస్టల్ రూమ్‌లో ఒక తమ్ముడు ఫోన్ల వీడియో చూస్తుండు. ఎక్కడో విదేశంల ఒకాయన గంజాయి మొక్కల్ని వానకు, గాలికి ఎట్ల కాపాడాలో చెప్తున్నడు. "ఎందుకురా ఇది?" అని అడిగితే, "అన్నా, మా దిక్కు ఒకాయన విత్తనాలు ఇస్తనన్నడట. పత్తి చేన్ల నడుమ పెడితే ఎవ్వరికి కనపడదట. ఎంత వానొచ్చినా, గాలొచ్చినా ఏం కాదట" అన్నడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలే.

ఆ తమ్ముణ్ని నేను తిట్టలేదు. ఆ మాట ఎందుకు నమ్మబుద్ధి అయితదో నాకు తెలుసు. మాది తిరుమలగిరి సాగర్ మండలం. పేరులో సాగర్ ఉన్నది గాని మా తండా చెల్కలకు మొగులే దిక్కు. జూన్‌ల పత్తి గింజ పెడతాం. అప్పు తెచ్చి మందులు కొడతాం. తీరా పత్తి ఏరే టైముకు వానొస్తది. 2025 అక్టోబరు చివర్లో మొంథా తుపాను వచ్చినప్పుడు మా చేన్ల పగిలిన కాయల దూది చెట్టు మీదనే తడిసి నల్లబడ్డది. మా యాడి ఆ తడి పత్తి ఏరుకొచ్చి ఇంట్లో మంచాల మీద ఆరబోసింది.

ఆ ఏడు మద్దతు ధర పొడుగు పింజ పత్తికి క్వింటాలుకు 8,110 రూపాయలు. వినడానికి బాగుంటది. కానీ తేమ 8 శాతం దాటితే సీసీఐ ధర కోస్తది, 12 శాతం దాటితే కొననే కొనదు. వాన పడ్డ చేను పత్తికి అంత తక్కువ తేమ ఎట్లొస్తది? చివరికి దళారి చెప్పిన రేటుకే తూకం. అదే దళారి మళ్లీ వానాకాలానికి ఇంకో విత్తనం పట్టుకొని వస్తే, మన నాయినలు ఒక్క నిమిషం ఆగి ఆలోచిస్తరు. ఆ ఒక్క నిమిషం గురించే నా భయం.

వానకు, గాలికి ఏం కాదన్న మాట ముందుగాల అబద్ధం. ఏపుగా పెరిగిన ఏ మొక్కనైనా గాలిదుమారం వంచుతది, విరుస్తది. గంజాయి పూత గుత్తులు గుత్తులుగా ఒత్తుగ ఉంటది. ముసురు పడితే లోపల తేమ ఆగి బూజు పట్టి కుళ్లుతది. కాబట్టి పత్తికి వచ్చిన కష్టమే దానికీ వస్తది. తేడా ఒక్కటే. పత్తి పోతే అప్పు మిగులుతది. ఇది పోయినా, నిలబడ్డా కేసే మిగులుతది.

చట్టం సంగతి చాలామందికి తెల్వదు. ఎన్‌డీపీఎస్ చట్టం 1985 ప్రకారం గంజాయి మొక్క సాగు చేస్తే పదేళ్ల దాకా కఠిన జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. ఇన్ని మొక్కల దాకా పర్వాలేదు అనేది ఎక్కడా లేదు. ఇంకోటి, 46వ సెక్షన్ చదవండి. మన భూమిల వేరేటోడు పెట్టినా, అది తెలిసి చెప్పకపోతే భూమి ఉన్నోళ్లకు కూడా శిక్ష. కౌలుకిచ్చిన చెల్కకు కూడా ఇది వర్తిస్తది. మన తండాల్లో చాలా పాసుపుస్తకాలు అమ్మల పేరు మీద ఉన్నయి. పోలీసులు వస్తే ఎవరి పేరు చూస్తరో నేను చెప్పాల్నా?

"ఉత్తరాఖండ్‌ల లీగలే కదా" అని కొందరు అంటరు. అక్కడ 2018ల అనుమతిచ్చింది నార, గింజ కోసం పెంచే రకానికి. మత్తు పదార్థం 0.3 శాతం లోపు ఉండాలి, లైసెన్సు ఉండాలి. దళారి సంచిలో తెచ్చే విత్తనానికి దానికి సంబంధం లేదు.

విశాఖ మన్యం చూద్దాం. పాడేరు, చింతపల్లి దిక్కు కొండల మీద ఏండ్ల తరబడి బయటోళ్లు పెట్టుబడి పెట్టిన్రు, ఆదివాసులు పండించిన్రు. 2021 చివర్లో ఆపరేషన్ పరివర్తన పేరుతో ఏడు వేల ఎకరాలకు పైగా తోటలు నరికేసిన్రు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర రెండు లక్షల కిలోల గంజాయి తగలబెట్టిన్రు. పంట కాలింది. మోసుకపోయి దొరికిన మన వయసు పిలగాండ్లు జైళ్లకు పోయిన్రు. మన దిక్కు కూడా 2021 అక్టోబరులోనే అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్, గంజాయి పెడితే రైతుబంధు ఆపేస్తమని చెప్పిన్రు.

మా చుట్టాలల్ల ఒకాయన పత్తిల నాలుగు మొక్కలు పెట్టి దొరికిండు. విత్తనమిచ్చినోని పేరు కాగితాల ఎక్కడా లేదు. ఇప్పుడు ఆయన భార్య కూలి బంద్ చేసుకొని వాయిదాలకు తిరుగుతున్నది. ఆయన కొడుకు కానిస్టేబుల్‌కు ప్రిపేర్ అవుతుండు. అటెస్టేషన్ ఫారంల కేసు గురించి అడిగే గడి చూసి వాడు నాకు ఫోన్ చేసి ఏడ్చిండు. కేసు వాని మీద లేదు, నాయిన మీదనే అని చెప్పి ఓదార్చిన. కానీ ఆ భయం వాని మీద నుంచి పోలే.

గంజాయి పెట్టొద్దు అని బోర్డు పెట్టి పోతే సరిపోదని ప్రభుత్వానికి కూడా చెప్పాలె. 2020ల తెలంగాణ ఫసల్ బీమా నుంచి బయటికి వచ్చింది. ఆ తర్వాత వానకు, గాలికి పోయిన పంటకు చెల్క రైతు ఎవర్ని అడగాలె? తుపాను పడ్డ ఏడు తేమ నిబంధన సడలించాలె. తండాల దగ్గర పత్తి ఆరబెట్టే కల్లాలు, టార్పాలిన్లు ఇయ్యాలె. నెల్లికల్ లిఫ్ట్‌కు 2021ల శంకుస్థాపన చేసిన్రు, మా చెల్కలకు నీళ్లెప్పుడో లెక్క చెప్పాలె. దళారి వచ్చేది ఈ ఖాళీలోంచే.

మనం చేసేది కూడా ఉన్నది. సెలవులకు ఇంటికి పోయినప్పుడు 46వ సెక్షన్ సంగతి యాడికి, బాపుకు మన మాటల్లో చెప్పండి. కపాస్ కిసాన్ యాప్‌ల పత్తి స్లాట్ బుక్ చేయడం పెద్దోళ్లకు రాదు, మనం చేసి పెడదాం. ఎవరన్నా విత్తనం తెస్తే 1908కి ఫోన్ చేద్దాం. తండాలోని పేదోన్ని పట్టించుడు కాదు, తెచ్చినోన్ని చెప్పుడు.

శ్రావణంల మన అక్కచెల్లెళ్లు తీజ్ బుట్టల్లో గోధుమ నారు పెంచుతరు. తొమ్మిది రోజులు పొద్దున, సాయంత్రం నీళ్లు పోసి, పాటలు పాడి కాపాడుతరు. దాన్ని ఎవరికీ కనపడకుండా దాచరు, తండా నడుమ పెడతరు. దాచిపెట్టి పెంచాల్సిన మొక్క మన చేన్ల మనకొద్దు.

ఆ తమ్ముడు వీడియో డిలీట్ చేసిండు. వాళ్ల నాయినకు మాత్రం ఇంకా ఫోన్ చేయలేదు. ఈ ఆదివారం ఇద్దరం కలిసి చేస్తున్నం.