పలచని ఊళ్లు, దూరమైన నడక

ఇళ్లు, దుకాణాలు పలచగా ఉన్న పట్టణ కేంద్రంలో నడిచేవాళ్లు తగ్గడానికి జనసాంద్రత ఒక్కటే కారణం కాదు. వీధుల అల్లికకూ అందులో పెద్ద పాత్రే ఉంది. రెండు సమాంతర వీధుల మధ్య 60 మీటర్ల దూరం ఉందనుకుంటే, ఒక వీధిలో ఉన్న మనిషి సరిగ్గా వెనక వీధిలోని మందుల షాపుకు పోవాలంటే ఎంత నడవాలి? అడ్డ వీధులు 60 మీటర్లకొకటి ఉంటే, రెండింటి నడుమ నుంచి బయల్దేరినా 120 మీటర్లు చాలు. అవే 200 మీటర్లకొకటి ఉంటే 260 మీటర్లు తిరగాలి. షాపు ఉన్నచోటే ఉంది, నడక మాత్రం రెట్టింపు దాటింది.

అమెరికాలో పోర్ట్‌లాండ్ నడిబొడ్డున అడ్డ వీధుల మధ్య నిడివి దాదాపు 61 మీటర్లు, సాల్ట్ లేక్ సిటీలో 201 మీటర్లు. రెండూ గళ్ల నమూనా పట్టణాలే. నడకకు పేరొచ్చింది మాత్రం పోర్ట్‌లాండ్‌కే. వీధి నిడివి పొట్టిగా ఉండాలని నగరాలపై రాసిన రచయిత్రి జేన్ జాకబ్స్ 1961లోనే వాదించారు.

భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఈ తేడా పక్కపక్కనే కనిపిస్తుంది. కొత్తగూడెం సింగరేణి బొగ్గు గనుల సంస్థ కేంద్ర కార్యాలయం ఉన్న ఊరు. ఇక్కడి బొగ్గు కాలనీలూ, పాల్వంచలో కేటీపీఎస్ (థర్మల్ విద్యుత్ కేంద్రం) కాలనీలూ షిఫ్టు పనివాళ్ల కోసం వెలిశాయి. వరుస క్వార్టర్లు, పెరళ్లు, చెట్లు. జనం పలచనే, అయినా కాలనీ లోపల నీడపట్టున నడవవచ్చు. కాలనీ చుట్టూ ప్రహరీ లేచి గేటు ఒక్కటే మిగిలిన చోట చిక్కు మొదలవుతుంది. గోడ అవతలి బజారుకు అరకిలోమీటరు చుట్టు తిరగాల్సివస్తే మనిషి బండి తీస్తాడు. ఇందులో బద్ధకం ఏమీ లేదు, లెక్కే అలా ఉంది.

జగదల్‌పూర్ నుంచి భద్రాచలం, పాల్వంచ, కొత్తగూడెం మీదుగా విజయవాడ వైపు సాగే 30వ నంబరు జాతీయ రహదారి ఈ ఊళ్లకు బజారు వీధి కూడా. పెద్ద వ్యాపారమంతా దాని వెంటే పొడవునా సాగింది. లారీలూ ఇదే దారిన రావాలి, కూరగాయలకు వచ్చినవాళ్లూ ఇదే దాటాలి. ప్రమాదాలు తగ్గించడానికి వేసే డివైడర్‌లో 300 మీటర్లకొక సందు వదిలితే, 20 మీటర్ల ఎదుటి దుకాణానికి నడక 320 మీటర్లు అవ్వొచ్చు. అంత తిరిగేకన్నా డివైడర్ ఎక్కి దూకడమే నయమనిపిస్తుంది. రోడ్డు వెడల్పు చేయడం దీనికి మందు కాదు. దాటాల్సిన దూరం పెరుగుతుంది, అంచు చెట్లు పోతాయి. ఎండ 45 డిగ్రీలు దాటే ప్రాంతంలో చెట్టు పోవడం చిన్న నష్టం కాదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కోరే 1.8 మీటర్ల ఫుట్‌పాత్ వేసినా, అడ్డ వీధులు లేకపోతే అది పొడవాటి ఫుట్‌పాత్‌గానే మిగులుతుంది.

భద్రాచలం కథ వేరు. ఒకపక్క గోదావరి, కరకట్ట. మరోపక్క 2014లో ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లిన గ్రామాలు. పైగా షెడ్యూల్డ్ ప్రాంతం కాబట్టి గిరిజనేతరులకు భూబదలాయింపును 1/70 చట్టం కట్టడి చేస్తుంది. ఊరు పరచుకోవడానికి చోటు తక్కువ కావడంతో రాములవారి గుడి చుట్టూ, బ్రిడ్జి సెంటర్ దాకా దగ్గరదగ్గరగా పెరిగింది. ఇది ఏ ప్లానూ తలపెట్టని మేలు. దుమ్ముగూడెం, చర్ల వైపు నుంచి బస్సు దిగినవాళ్లు ఒక పని నుంచి ఇంకో పనికి కాలినడకనే పోగలరు.

ఆ వీలును ప్రభుత్వ కట్టడాలే దెబ్బతీసిన సందర్భాలున్నాయి. 2023 జనవరిలో ఈ జిల్లా సమీకృత కలెక్టరేట్ కొత్తగూడెం, పాల్వంచల మధ్య రహదారి పక్కన తెరుచుకుంది. అదే నెలలో ఖమ్మం కలెక్టరేట్ కూడా ఊరు దాటి వైరా రోడ్డున వి.వెంకటాయపాలెం చేరింది. కార్యాలయాలన్నీ ఒకేచోట చేరడం సౌకర్యమే. కానీ పింఛను కాగితం, పట్టా కాగితం కోసం వచ్చేవాళ్లకు ఊళ్లో ఇంకో పని ఉంటే మళ్లీ ఆటో ఎక్కక తప్పదు.

కొత్తగూడెం, పాల్వంచ మున్సిపాలిటీలనూ, సుజాతనగర్ మండలంలోని కొన్ని పంచాయతీలనూ కలిపి 2025లో కార్పొరేషన్ చేశారు. రెండు పట్టణాల నడుమ ఖాళీలో ఇకపై లేఅవుట్లు పడతాయి. అనుమతి ఇచ్చేటప్పుడే 80, 100 మీటర్లకొక అడ్డ వీధి, పక్క లేఅవుట్‌తో కలిసే దారి ఉండాలని షరతు పెడితే ఖర్చయ్యేది కాస్త స్థలమే. ఇళ్లు లేచాక అదే సందు కావాలంటే భూసేకరణ నోటీసులు ఇవ్వాల్సి వస్తుంది.